కంచం ఎందుకు కడిగింది?

నేను ఇంగ్లీషు టీచర్ని. ఉద్యోగం మాత్రం ఎక్కువగా తెలుగులోనే చేశాను. ఒక ఇంగ్లీషు వాక్యం చదవడం, దాని అర్థం తెలుగులో చెప్పడం, పిల్లల చేత రెండూ కలిపి గట్టిగా పలికించడం. బందరులో చేసిందీ, గుడివాడలో చేసిందీ, చివరికి దివిసీమలో చేసిందీ ఇదే. ట్రైనింగుల్లో ఇలా చెప్పకూడదని క్లాసులు పీకేవారు. పీకినాయన టీ తాగి వెళ్లి తన స్కూల్లో చేసేది కూడా ఇదేనని అందరికీ తెలుసు.

ఈమధ్య పామిడిముక్కల దగ్గర మా పుట్టింటి వైపు అమ్మాయి ఒకతి టీచరుగా సెలెక్టయి ఫోన్ చేసింది. "అత్తా, టెన్త్ వాళ్లకి పోయెట్రీ ఎలా చెప్పాలో కాస్త చెప్పవా, నాకు భయంగా ఉంది" అంది. భయం ఉండటం మంచిదే అన్నాను. ఆ తర్వాత ఏం చెప్పాలో తోచలేదు. అందుకే రాస్తున్నాను. నా ఇంక్రిమెంట్లు, బదిలీలు, సన్మానం శాలువాలు ఇందులో ఉండవు. అవి ఎవరికి కావాలి? రీడరులో అమెరికావాళ్ల పద్యమో కథో ఒకటి ఎప్పుడూ ఉండేది. దాన్ని మన పిల్లలకి చెప్పబోయి నేను చూసినవి రాస్తాను. వాటిలో సంతోషపెట్టేవి తక్కువని ముందే చెప్పేస్తున్నాను.

చేపల పెట్టె

ముందు తేలికైనది చెప్తాను. గుడివాడలో ఉండగా ఒక పద్యం వచ్చింది. రాత్రంతా మంచు కురిసి, తెల్లారేసరికి ఊరు కనపడకుండా పోవడం అందులో విషయం. మన పిల్లలకి మంచంటే ధనుర్మాసంలో చేల మీద పొగలా పట్టి, ఎండ రాగానే పోయేది. అది కప్పేస్తుందనీ, గడ్డకడుతుందనీ, తలుపులు తెరుచుకోనివ్వదనీ ఎలా చెప్పాలి? చేతులు తిప్పాను, బోర్డు మీద బొమ్మ గీశాను. ఆఖరికి వెనక బెంచీలో పిల్ల ఒకతి లేచి, "చేపల లారీల్లో పెట్టెలకి వేస్తారు కదండీ, ఆ ఐసులాగాండీ?" అంది.

"ఆ, అలాగే."

"అయితే ఊరంతా చేపల పెట్టెలాగుంటదన్నమాట."

క్లాసంతా ముక్కులు మూసుకుని నవ్వింది. కవిగారు వింటే ఏమనేవాడో గానీ, ఆ పద్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ నీచువాసన వస్తుంది. అయినా ఆ పిల్లకి పద్యం అర్థమైంది. తనకు తెలిసిన దాన్ని పట్టుకునే ఎవరైనా తెలియనిదాని దగ్గరికి వెళ్తారు. టీచరుగా నేను నేర్చుకున్న మొదటి సంగతి ఇది. ఇందులోనే ప్రమాదం కూడా ఉందని తెలియడానికి కొంతకాలం పట్టింది.

మారుమనస్సు

నా మొదటి ఉద్యోగం బందరులో. మా పెద్ద టీచరుగారు తెల్లచీర కట్టుకుని, చేతిలో గొడుగు లేకుండా వరండా కూడా దాటని మనిషి. పద్యమైనా కథైనా నీతి చెప్పకుండా బెల్లు కొట్టించకూడదని ఆవిడ పట్టుదల. "అమెరికావాళ్లు ఊరికే రాయరమ్మా, మనకి బడులు కట్టించిందెవరనుకున్నావు?" అనేవారు. ఆవిడ లెక్కలో అమెరికాలో కలం పట్టిన ప్రతివాడూ ఏదో ఒక మిషనరీ దొరగారికి తమ్ముడే. నవ్వుకునేదాన్ని గానీ నేనూ ఆ చర్చి పందిట్లోనే పెరిగినదాన్ని. మా నాన్న కూలికెళ్లి వచ్చి కాళ్లు కడుక్కుని, చర్చిలో వాక్యం చదివేవాడు. చదివిన ప్రతి కథా చివరికి దేవుడి దగ్గర తేలాలనే నమ్మకం మా ఇంట్లో అందరికీ ఉండేది.

అప్పుడు రీడరులో ఒక అమెరికా కథ ఉండేది. తమ్ముడు అన్నకి తెలియకుండా అన్న గుర్రాన్ని అమ్మేస్తాడు. ఆ గుర్రమంటే అన్నకి ప్రాణం. అన్న అడిగితే తప్పిపోయిందని చెప్తాడు. తర్వాత ఇద్దరూ కలిసి అన్నం తింటారు. కథ అక్కడితో అయిపోయింది. తమ్ముడు ఏడవడు, ఒప్పుకోడు, ఎవరూ కొట్టరు.

పరీక్ష పేపర్లు దిద్దుతుంటే నాకు మతిపోయింది. సగానికి పైగా పిల్లలు తమ్ముడు తప్పు తెలుసుకుని మారుమనస్సు పొందాడని రాశారు. ఒకడు మోకాళ్ల మీద పడ్డాడన్నాడు. ఒకతి గుర్రం తిరిగి వచ్చిందంది, వచ్చిన గుర్రానికి ప్రార్థన కూడా చేయించింది. కథలో లేనిది ఎందుకు రాశారర్రా అంటే బిత్తరపోయి చూశారు. అబద్ధం రాశామని వాళ్లు అనుకోలేదు. ప్రతి ఆదివారం విన్న కథలన్నీ అలాగే ముగిశాయి, ఇది మాత్రం ఎందుకు ముగియదు? చదివేటప్పుడే వాళ్ల కళ్లు ఆ ముగింపుని అక్కడ పెట్టేసుకున్నాయి.

ఆ రోజు నుంచి నా క్లాసులో ఒకటే మాట. పుస్తకంలో ఉన్నదే చూడండి. లేనిది కలపకండి. కలపాలనిపిస్తే, అది మీదని తెలుసుకుని కలపండి. పెద్ద టీచరుగారికి నా మాట నచ్చలేదు. "నువ్వు పిల్లల్ని ఎటూ కాకుండా వదిలేస్తున్నావు కృపామణీ" అన్నారు. అది తిట్టే గానీ, ఆవిడ చెప్పినదాంట్లో నిజం ఉంది. కొన్ని కథలు మనల్ని ఎటూ కాకుండానే వదిలేస్తాయి. ఆ బాధని పిల్లలకి తగలనివ్వడమే మన పని. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. ఆ అభిప్రాయం ఎంత బరువో దివిసీమకి వెళ్లాక తెలిసింది.

ఇంకా రాలేదు

రిటైర్మెంటుకి ముందు నా ఆఖరి స్కూలు పాలకాయతిప్ప వైపు వెళ్లే దారిలో. పిల్లల్లో ఎక్కువమంది సముద్రం మీద చేపల వేటకెళ్లే ఇళ్లవాళ్లు. ఉప్పుగాలికి బ్లాక్‌బోర్డు కూడా చెమ్మగా ఉండేది. సుద్దముక్క జారిపోయేది.

టెన్త్‌లో భవాని అనే అమ్మాయి ఉండేది. సన్నగా ఉండేది, బిగించి జడ వేసుకునేది, అడిగితే తప్ప మాట్లాడేది కాదు. వాళ్ల నాన్న పడవ అంతకుముందు వానాకాలంలో గాలికి తిరగబడింది. మిగతావాళ్లని వేరే పడవవాళ్లు లాగారు. ఆయన ఒక్కడూ దొరకలేదు, శవమూ దొరకలేదు. ఇల్లు వాళ్ల మేనమామ వెంకటేశ్వర్లు చూసుకుంటున్నాడు. ఆయనా వేటకెళ్లేవాడే, తన పిల్లలు తనకున్నారు. భవాని పాసైతే అవనిగడ్డలో ఇంటర్‌లో చేరుస్తాననీ, తప్పితే రొయ్యలు ఒలిచే షెడ్డుకి పనికి పంపి, కుదిరిన సంబంధం చేసేస్తాననీ చెప్పేశాడు. దుర్మార్గుడేం కాదు. ఉన్న సంగతి చెప్పాడు. ఆ అమ్మాయికి మిగతావన్నీ వచ్చు, ఇంగ్లీషే గండం.

ఆ ఏడు రీడరులో చాలాకాలం కిందటి అమెరికా పద్యం ఒకటి ఉంది. సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఒకావిడ భర్త ఓడెక్కి వెళ్లాడు, ఓడ రాలేదు. ఆవిడ రోజూ సాయంత్రం బల్ల మీద రెండు కంచాలు పెడుతుంది. ఒక దాంట్లో తను తింటుంది. తిన్నాక రెండూ కడిగి బోర్లిస్తుంది. పద్యమంతా ఇదే. దాని మీద నాలుగు మార్కుల ప్రశ్న ఒకటి, తప్పకుండా వస్తుందని ప్రతి గైడులోనూ చుక్క పెట్టిన ప్రశ్న: ఎవరూ తినని కంచాన్ని ఆమె ఎందుకు కడిగింది? గైడు జవాబు: ఆమె భర్త చనిపోయాడు. ఆ దుఃఖంలో ఆమెకు మతి చలించింది. అందుకే శుభ్రంగా ఉన్న కంచాన్ని కడిగింది.

స్లిప్ టెస్టులో అందరూ అది దించేశారు. భవాని మాత్రం వంకర ఇంగ్లీషులో సొంతంగా రాసింది. ఆ కంచం మీద రోజంతా గాలికి ఇసక పడుతుంది, రేపు ఆయన వస్తే దేంట్లో పెడుతుంది, అందుకని కడిగింది. స్పెల్లింగులు సగం తప్పు. నా సర్వీసులో ఒక పద్యం గురించి ఒక పిల్ల నాకు చెప్పిన మాటల్లో అంత మంచిది ఇంకొకటి లేదు.

పిలిచి అడిగాను. "గైడు జవాబు రాలేదా అమ్మా?"

"వచ్చండి. అందులో ఆయన చనిపోయాడని ఉందండి." తల దించుకుంది. "పద్యంలో ఎక్కడుందండి? ఓడ రాలేదనే ఉంది. ఉన్నదే చూడమన్నారు కదండి మీరు."

నిజమే. ఎక్కడా లేదు. బందరు పిల్లలు మారుమనస్సు కలిపారు, గైడు రాసినాయన చావు కలిపాడు. ఇద్దరూ చేసింది ఒకటే. పద్యం మాత్రం ఆవిడని ఆ బల్ల దగ్గరే వదిలేసింది.

భవాని వెళ్లాక దాని స్నేహితురాలు మల్లేశ్వరి వెనకే వచ్చి గుసగుసగా చెప్పింది. "దాన్ని ఆ మాట అడగమాకండి మేడమ్. మా ఊళ్లో శవం దొరక్కపోతే ఇంకా రాలేదనే అంటారండి. ఇంట్లోవాళ్లు తమ నోటితో పోయాడని అనేదాకా పెద్దోళ్లు కర్మ చెయ్యరు, బొట్టు తియ్యరు. వాళ్లమ్మ రోజూ పడవలొచ్చే టయానికి క్యారేజీ పట్టుకుని ఒడ్డుకెళ్తదండి. తిరిగి తెచ్చిన అన్నం కుక్కలకేసి, భవాని క్యారేజీ కడుగుద్దండి."

మా వాళ్లలో మనిషి పోతే సమాధి చేసి, మళ్లీ లేస్తాడని ఎదురుచూస్తాం. వీళ్లు మనిషిని ఇంకా పోనివ్వకుండానే ఎదురుచూస్తున్నారు. ఏది తేలికో నాకు తెలియదు. భవానికి ఆ జవాబుకి నాలుగు మార్కులూ వేశాను. ఇంగ్లీషు దిద్ది, పరీక్షలో ఇలాగే రాయమన్నాను.

మీటింగు

మా హెడ్మాస్టరు గారిది గుడివాడ దగ్గర పల్లెటూరు, వరిచేల మనిషి. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి తానే గేటు తీసేవాడు. చలికాలంలో స్టడీ అవర్‌కి పిల్లలకి సొంత ఖర్చుతో ఉప్మా చేయించేవాడు. ఆయన్ని చెడ్డవాడిగా చూపిస్తే నేను అబద్ధం రాసినట్టే. అయితే వందశాతం పాస్ తప్ప ఇంకేదీ ఆయన చెవికెక్కేది కాదు. నేను వేసిన నాలుగు మార్కులు చూసి నన్ను పిలిపించాడు.

"ఇదేంటండీ మేడమ్? దిద్దేవాడి దగ్గర జవాబుల కీ ఉంటది. కీలో లేనిదానికి సున్నా పెడతాడు. మీ సాహిత్యం ఆ పిల్ల కొంప ముంచుద్ది."

ఆ అమ్మాయి సంగతి, ఆ ఊరి ఆచారం, అంతా చెప్పాను. విన్నాడు. నిట్టూర్చాడు కూడా. "అయ్యో పాపం. కానీ ఇదేం నమ్మకమండీ? పోయినోడు రాలేదంటే వస్తాడా? ఆ అమ్మాయి పాసవ్వాలా వద్దా, అది చెప్పండి."

పాసవ్వాలి. అదే చెప్పాను.

పబ్లిక్ పరీక్షలకి ముందు తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. సాయంత్రం వరండాలో చాపలు పరిచి కూర్చోబెట్టారు. భవాని తల్లి నాంచారమ్మ వచ్చింది, పక్కన తమ్ముడు వెంకటేశ్వర్లు, వెనక ఊరి పెద్దలు కొందరు. పిల్లలకి ఎంత వచ్చిందో చూపిద్దామని హెడ్మాస్టరు గారు మా క్లాసు తలుపులు బార్లా తీయించి, ముఖ్యమైన జవాబులు కోరస్‌గా పలికించారు. ఇంగ్లీషు వాక్యం, వెంటనే తెలుగు అర్థం. మా పద్ధతే. కంచం ప్రశ్న వచ్చింది. పిల్లలు గొంతెత్తి చెప్పారు. భవాని పెదాలు కదలకపోవడం ఆయన చూశాడు.

"భవానీ, లే. నువ్వొక్కదానివే చెప్పమ్మా. మీ అమ్మ వినాలి కదా."

నేను దగ్గరికెళ్లి, "సార్, ఆ అమ్మాయిని వదిలేయండి, నేను రాయించి చూసుకుంటాను" అన్నాను.

"ఈ రోజు వదిలేస్తే రేపు షెడ్డుకే కదండీ" అన్నాడు మెల్లగా, నాకే వినపడేలా. కోపం లేదు ఆ గొంతులో. అదే నన్ను ఆపేసింది. తర్వాత పిల్ల వైపు తిరిగి, "భయపడకమ్మా, వచ్చింది కదా నీకు, చెప్పు" అన్నాడు.

భవాని నా వైపు చూడలేదు. వరండా వైపు అసలే చూడలేదు. పుస్తకం గుండెలకి పెట్టుకుని ఇంగ్లీషు వాక్యం తప్పు లేకుండా చెప్పింది. ఆగింది.

"అర్థం?" అన్నాడాయన.

"చనిపోయాడండి" అంది. వాక్యం పూర్తిగా కూడా కాదు, ఆ ఒక్క మాట.

"వెరీ గుడ్" అని ఆయన చప్పట్లు కొట్టాడు. పిల్లలెవరూ కొట్టలేదు. మల్లేశ్వరి తలని డెస్కు మీద పెట్టేసింది. వరండాలో నాంచారమ్మ కూర్చున్నచోటే కూర్చుంది. ఇంగ్లీషు పద్యమనీ, అమెరికా ఆవిడ గురించనీ ఆమెకి తెలుసో తెలియదో. కూతురి గొంతు, ఆ మాట, అంతవరకు వింది. పెద్దల్లో ఒకాయన కండువాతో కళ్లొత్తుకుని, "పిల్ల నోటితో అనేసిందిరా ఎంకటేశులూ" అన్నాడు.

నేను బయటికి పరిగెత్తినట్టే వెళ్లాను. "అది పాఠంలో మాటమ్మా, మీ ఆయన గురించి కాదు, ఎవరో అమెరికా ఆవిడ" అని ఏదేదో చెప్పాను. నాంచారమ్మ నా వైపు చూసింది. మా చర్చివాళ్లు బొట్టూ గాజులూ పెట్టుకోరు. ఆమె నా నుదురు చూసి, చేతులు చూసి, "ఆవిడ మొగుడూ రాలేదా అమ్మగారూ?" అంది.

"రాలేదమ్మా."

"పాపం" అంది. లేచి, చెంగు సర్దుకుని, తమ్ముడి వెంట వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఆమె ఒడ్డుకి వెళ్లలేదని తర్వాత పిల్లలు చెప్పారు. ఆ వారంలోనే పాలకాయతిప్పలో, కృష్ణ సముద్రంలో కలిసేచోట కర్మ చేశారు. వెంకటేశ్వర్లు ఏడ్చాడట. ఎప్పటినుంచో చేద్దామన్నవాడే, అయినా ఏడ్చాడట.

హెడ్మాస్టరు గారు కర్మ చేశారని తెలిసి రెండు రోజులు స్టాఫ్ రూముకి రాలేదు. తర్వాత నాతో, "ఎప్పటికైనా తెలియాల్సిందే కదండీ మేడమ్" అన్నాడు. ఆ మాట నన్ను అడిగినట్టుంది.

నాలుగు మార్కులు

ఫలితాలొచ్చాక భవాని మా ఇంటికి వచ్చింది. పాసైంది. ఇంగ్లీషులో గట్టెక్కడమే కాదు, పైన కాస్త మార్కులు మిగిలాయి కూడా. చేతిలో స్టీలు క్యారేజీ ఉంది, నిండా ఎండురొయ్యలు.

"ఆ ప్రశ్న వచ్చిందండి" అంది నేను అడక్కముందే.

"ఏం రాశావమ్మా?"

"గైడులో ఉన్నదే రాశానండి. ఆయన చనిపోయాడు, ఆవిడకి మతి చెడిందని."

"నీ జవాబు రాయొద్దని ఎవరైనా అన్నారా?"

"లేదండి. పరీక్షకి ముందు మళ్లీ చదివానండి. మీరన్నట్టు ఉన్నదే చూద్దామని. ఎన్నిసార్లు చూసినా ఇప్పుడు అందులో నాకు అదే కనపడుతుందండి." నన్ను ఓదార్చినట్టు, "నాలుగు మార్కులూ వచ్చుంటాయి మేడమ్" అంది.

ఆ పిల్ల బతుకు షెడ్డులో పడకుండా బయటపడింది. అందుకు హెడ్మాస్టరు గారికి నేను రుణపడాలి. అయినా ఆయన్ని క్షమించలేకపోయాను. అత్తా ఎలా చెప్పాలి అని అడిగావు కదమ్మా, ఇదిగో, నాకు తెలిసిందింతే. పద్యం చెప్పేముందు ఆ క్లాసులో ఎవరింట్లో ఏముందో తెలుసుకో. తెలుసుకున్నా కాపాడగలవని మాట ఇవ్వలేను. నేను తెలుసుకున్నాను, నాకు చేతకాలేదు.

వెళ్లబోతూ భవాని గుమ్మంలో ఆగింది. రొయ్యలు వేరే డబ్బాలో పోసి క్యారేజీ కడిగి ఇస్తానన్నాను.

"వద్దండి. ఇంట్లో ఇంక దాంతో పనిలేదండి. మిమ్మల్నే ఉంచేసుకోమంది అమ్మ."

రొయ్యలు ఎప్పుడో అయిపోయాయి. క్యారేజీ మా వంటింటి గట్టు మీద ఉంది. అందులో ఎప్పుడూ ఏమీ పెట్టలేదు. అయినా సాయంత్రం గిన్నెలు తోముకునేటప్పుడు దాన్నీ కడిగి బోర్లిస్తాను.